గాలి, సన్ని, కడుపునొప్పి

పేపరు రాగానే ముందు జిల్లా పేజీ తీయడం నాకు అలవాటు. ఢిల్లీ సంగతులు మావారికి, నల్లగొండ సంగతులు నాకు. ఇది మా ఇంట్లో ఏనాడో జరిగిపోయిన పంపకం. ఆ జిల్లా పేజీలో ఏదో ఒక మూల నాలుగు వాక్యాల వార్త ఒకటి మీరూ చూసే ఉంటారు. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, వయసు మాత్రం ఇరవైకీ ముప్ఫైకీ మధ్యనే తిరుగుతూ ఉంటుంది. "కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య." అంతే. ఏం కడుపునొప్పి, ఎన్నాళ్ళుగా, ఏ డాక్టరుకు చూపించారు, ఇంట్లో పసిబిడ్డ ఉందా, ఇవేవీ ఉండవు. నిజంగానే కడుపులో పుండుతో బాధపడ్డవాళ్ళూ ఉంటారు, కాదనను. కానీ ఇన్నేళ్ళు చదివిన మీదట నాకు అది మూతలాంటి మాట అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళకీ, పోలీసులకీ, రాసే విలేఖరికీ అందరికీ సరిపోయే మూత.

ఆడదాని మనసుకు జబ్బు చేస్తుందని, అందులోనూ కాన్పుకీ నెలసరికీ దానితో సంబంధం ఉంటుందని మన పెద్దవాళ్ళకు తెలియదా అంటే, బాగా తెలుసు. మనసు అన్న మాట మాత్రం వాడలేదు. గాలి అన్నారు, సోకు అన్నారు, సన్ని అన్నారు, పాణం బాగలేదన్నారు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ జబ్బు చరిత్ర వెతకబోతే దస్తావేజులు పెద్దగా దొరకవు. ఈ మాటలే దొరుకుతాయి. వాటి వెంటే పోదాం.

నా తల్లిగారిల్లు మిర్యాలగూడ దగ్గర, అత్తగారిల్లు వనపర్తి దగ్గర. భాషలో యాసలో తేడాలున్నా బాలింత గది మాత్రం రెండుచోట్లా ఒక్కలాగే ఉండేది. గుమ్మానికి యాప మండలు, తలకింద కత్తో కొడవలో ఏదో ఒక ఇనుప ముక్క, మంచం పక్కన కుంపటి, పొద్దూ మాపూ ఊదుపొగ. తలకు గుడ్డ, చెవుల్లో దూది. రోహిణీ కార్తెలో కూడా కిటికీ తీయనివ్వరు. "పచ్చి బాలింతవు, గాలి సోకుతది" అని మా నాయనమ్మ అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి మామూలు చలిగాలి. రెండోది ఆ గాలి. బాలింత ఊరికే ఏడ్చినా, రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చున్నా, పాలకు ఏడుస్తున్న బిడ్డను పట్టించుకోకపోయినా, పొంతన లేని మాటలు మాట్లాడినా అన్నిటికీ ఒకటే పేరు.

మా పెద్దమ్మకు తొలిసూరు కాన్పులో అట్లా అయిందట. నేను పుట్టకముందు మాట. పదో రోజునుంచి బిడ్డను ముట్టుకోలేదు. "ఈ పిల్ల నాది కాదు, మార్చిండ్రు" అనేదట. దిష్టి తీశారు, అంత్రం కట్టించారు, జాన్‌పహాడ్ దర్గాకు బండి కట్టుకొని తీసుకుపోయారు. ఏడో నెలలో ఒకనాడు తనే లేచి, వాకిలి ఊడ్చి, బిడ్డకు నీళ్ళు పోసిందట. నాయనమ్మ లెక్కలో అది దర్గా మహిమ. మందు లేకపోయినా కొందరిలో ఈ జబ్బు నెలల తరవాత దానంతటదే సద్దుమణుగుతుందనీ, ఆ నెలలు తల్లీ బిడ్డా క్షేమంగా దాటడమే గండమనీ ఇవాళ డాక్టర్లు చెబుతారు. పెద్దమ్మ మాత్రం డెబ్భై ఏళ్ళు దాటాక, చిక్కుడుకాయలు ఒలుస్తూ నాతో ఒక్కసారే ఆ మాట ఎత్తింది. "నాలో నేను లేను బిడ్డా. ఎవరో వేరే ఆమె నా చీర కట్టుకొని కూసున్నట్టుండె."

డాక్టర్ల పుస్తకాలు కొన్ని తిరగేశాను గాని, ఇంత చక్కగా చెప్పినవాళ్ళు నాకు కనిపించలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. గాలి అనే పేరులో ఒక మంచి ఉంది. గాలి బయటినుంచి వచ్చింది, బయటికి పోతుంది. అందులో బాలింత తప్పేమీ లేదు. "చెడ్డ తల్లి" అన్నవాళ్ళు లేరు. పైగా గాలి సోకిన మనిషిని ఒంటరిగా వదలకూడదని రాత్రింబగళ్ళు ఎవరో ఒకరు పక్కన ఉండేవారు. ఇవాళ మానసిక వైద్యులు మొట్టమొదట చెప్పే జాగ్రత్తా అదే. ఇక చెడు సంగతి కూడా చెప్పాలి. వాతలు పెట్టేవాళ్ళు, మిరపకాయల పొగ వేసేవాళ్ళు, లంఖణాలతో మాడ్చేవాళ్ళు. అదంతా గాలిని కొట్టడమే తప్ప మనిషిని కొట్టడం కాదనుకునేవాళ్ళు కాబోలు. ఒళ్ళు మాత్రం మనిషిదే కదా! గాలి దిగిపోయినా పేరు దిగేది కాదు. మా పిన్నులిద్దరికీ సంబంధాలు చూసేటప్పుడు "వాళ్ళక్కకు గాలి సోకిందంట గదా" అన్నారట.

మన ప్రాచీన వైద్యులు కూడా బాలింతను తేలిగ్గా తీసుకోలేదు. సూతికకు వచ్చిన ఏ వ్యాధి అయినా నయం కావడం కష్టం, కొన్నిసార్లు అసాధ్యం అని చరకుడు హెచ్చరించాడు. నెలన్నరపాటు బాలింతగానే చూసుకోవాలని సుశ్రుతుడు లెక్క చెప్పాడు. కాశ్యప సంహితలో అయితే పసిబిడ్డలను ఎత్తుకుపోయే జాతహారిణుల మీద పెద్ద ప్రకరణమే ఉంది. మా నాయనమ్మ ఇవేవీ చదవలేదు. తలకింద కొడవలి పెట్టడం మాత్రం ఆమెకు తెలుసు.

సన్ని సంగతి వేరు. సన్నిపాతం అన్న మాటే నలిగి సన్ని అయింది. కాన్పయిన కొద్ది రోజులకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆ జ్వరంలో పలవరింతలు, లేచి పరిగెత్తడం. శుభ్రంలేని చేతులు, కొడవళ్ళు, పాత గుడ్డలు తెచ్చిపెట్టిన విషజ్వరం అది. ఇది మన పల్లెల పాపమే అనుకోకండి. వియన్నా నగరంలో పెద్ద ఆస్పత్రిలోనే బాలింతలు ఈ జ్వరంతో రాలిపోతుంటే, డాక్టర్లు చేతులు కడుక్కోండయ్యా అని 1847లో సెమ్మెల్‌వైస్ అనే ఆయన మొత్తుకోవలసి వచ్చింది. తోటి డాక్టర్లు ఆయన్ని వెక్కిరించారు.

జ్వరం ఉన్నప్పుడు జ్వరమే అన్నిటికీ జవాబు. జ్వరం లేని బాలింతకు కూడా మతి చలించినప్పుడు ఏమనాలి? పారిస్‌లో లూయీ విక్టర్ మార్సె అనే ముప్ఫై ఏళ్ళ డాక్టరు 1858లో గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మానసిక వ్యాధుల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ పని చేస్తున్న డాక్టర్లు 1980లో పెట్టుకున్న అంతర్జాతీయ సంఘానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు డాక్టర్లు దీన్ని మూడు మెట్లుగా చూస్తారు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు వచ్చి, రెండువారాల లోపు పోయే ఏడుపు మొదటిది. సగానికి పైగా తల్లులకు వస్తుంది, భయం లేదు. రెండోది వారాలూ నెలలూ పట్టి పీడించే కుంగుబాటు. గోవాలో 2002లో అచ్చయిన పరిశోధనలో నూటికి 23 మంది తల్లుల్లోనూ, అదే ఏడు వెల్లూరు దగ్గరి పల్లెల్లో చేసినదానిలో 11 మందిలోనూ ఇది కనిపించింది. మూడోది మా పెద్దమ్మకు వచ్చినటువంటిది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే. దీనికి ఒక్కరోజు కూడా ఆలస్యం పనికిరాదు. మందులతో బాగా నయమవుతుంది కూడా.

ఈ మూడో మెట్టు ఎక్కి దిగిన ఒక ఇంగ్లీషు ఇల్లాలి కథ మీకు చెప్పాలి. పేరు మార్జరీ కెంప్. ఆరువందల ఏళ్ళ కిందటి మనిషి. తొలికాన్పు తరవాత ఎనిమిది నెలలపాటు మతి తప్పి, తనను తాను రక్కుకుంటుంటే రాత్రింబగళ్ళు కట్టి ఉంచారు. ఒకనాడు ఏసుక్రీస్తు తన మంచం పక్కన కూర్చున్నట్టు కనిపించాడట, ఆమెకు నెమ్మదించింది. నెమ్మదించగానే ఆమె మొదట అడిగిందేమిటో తెలుసా? వంటసరుకుల గది తాళంచెవులు! కనిపెట్టుకున్నవాళ్ళు, దాసీలు ఇవ్వద్దన్నారు, ఉన్నదంతా పంచిపెట్టేస్తుందని. భర్త మాత్రం ఇప్పించాడు. తనకు చదవడం రాయడం రాకపోయినా చెప్పి రాయించుకున్న ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులో మొదటి ఆత్మకథగా లెక్కిస్తారు. దాని రాతప్రతి 1934 దాకా ఎవరి కంటా పడలేదు. కొంగుకు తాళంచెవుల గుత్తి కట్టుకు తిరిగిన మన ఇళ్ళలో ఆ తాళంచెవుల విలువ విడమరచి చెప్పక్కర్లేదు. మా పెద్దమ్మకు మాత్రం నయమయ్యాక కూడా మూడేళ్ళు బియ్యపు గది తాళం ఇవ్వలేదట.

బాలింత చదవకూడదు, కుట్టుపని చేయకూడదు, కళ్ళు పోతాయి అంటారు మనవాళ్ళు. నేను నా మొదటి కాన్పులో దుప్పటి కింద దాచుకొని వారపత్రికలు చదివాను. కళ్ళు బాగానే ఉన్నాయి, నలభై దాటాక అందరితోపాటే జోడు వచ్చింది. ఇది మన ముసలమ్మల చాదస్తమని నవ్వుకునేలోపు అమెరికా సంగతి వినండి. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రికి 1885లో కూతురు పుట్టింది, ఆ తరవాత తీవ్రమైన కుంగుబాటు వచ్చింది. 1887లో ఆ దేశంలోకెల్లా పేరున్న నరాల డాక్టరు ఆమెను చూసి, ఇంటిపట్టున ఉండు, బిడ్డను ఎప్పుడూ వెంట ఉంచుకో, బతికినన్నాళ్ళూ కలం పట్టకు అని చెప్పి పంపాడు. ఆమె మూడు నెలలు ఆ మాట విని పూర్తిగా పిచ్చి అంచుదాకా పోయి, ఆ మాట వదిలేసి బాగుపడింది. 1892లో ఆ అనుభవంతోనే ఒక కథ రాసి డాక్టరుగారికీ ఒక ప్రతి పంపింది!

మన జిల్లాలకు వద్దాం. కాన్పు కష్టమైతే పాలమూరు పల్లెలవాళ్ళకు పెద్ద దిక్కు మంత్రసాని, ఆ పైన మిషన్ ఆస్పత్రి. 1907లో వచ్చిన కాథరీనా షెలెన్‌బర్గ్ అనే మెన్నోనైట్ మిషన్ డాక్టరమ్మ నాగర్‌కర్నూలులోనూ, తరవాత శంషాబాదులోనూ దాదాపు నలభై ఏళ్ళు వైద్యం చేసి 1945లో ఇక్కడే కన్నుమూసింది. కాన్పు దాకా సరే. మతి తప్పితే? నిజాం రాజ్యానికి పిచ్చాస్పత్రి ఎక్కడ ఉండేదనుకున్నారు? జాల్నాలో. ఇప్పుడది మహారాష్ట్ర. హైదరాబాదునుంచే నాలుగువందల కిలోమీటర్ల పైమాట. దేవరకొండ బాలింతనో, అచ్చంపేట బాలింతనో రైలెక్కించి, భాష రాని ఊళ్ళో దించి, బిడ్డను ఇంట్లో ఉంచుకొని వచ్చేయాలి. ఎవరు పంపుతారు? దర్గా దగ్గర, బిడ్డ ఒళ్ళోనే ఉంటుంది. జనం మూఢులు కాబట్టి ఆస్పత్రికి పోలేదంటారు గాని, ఈ దూరం లెక్క వేసినవాళ్ళు తక్కువ. ఆ ఆస్పత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. వచ్చీరాగానే ఆ ఊరి పేరు తిట్టయి కూర్చుంది. కోస్తావాళ్ళకు చినవాల్తేరు ఎట్లాగో మనకు ఎర్రగడ్డ అట్లా. ఆ తిట్టు వినీ వినీ చికిత్సకు పోవలసినవాళ్ళు ఎందరు ఆగిపోయారో.

బిడ్డను విడదీయడమే పెద్ద శిక్ష అని డాక్టర్లు తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. లండన్‌లో కాసెల్ ఆస్పత్రివాళ్ళు 1948లో తల్లిని బిడ్డతో సహా చేర్చుకోవడం మొదలుపెట్టారు. మన దేశంలో అమృత్‌సర్ ఆస్పత్రిలో విద్యాసాగర్ అనే డాక్టరుగారు 1950లలో ఆవరణలో డేరాలు వేయించి రోగి కుటుంబాన్ని కూడా అక్కడే ఉండనిచ్చారు. అయినా తల్లీబిడ్డల కోసమే ప్రత్యేకమైన వార్డు బెంగుళూరు నిమ్హాన్స్‌లో వచ్చేసరికి 2009 అయింది. మూడేళ్ళలోపు బిడ్డను మానసిక చికిత్సలో ఉన్న తల్లినుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 చట్టంలో రాశారు. ప్రమాదం ఉంటే తప్ప. ఈ సంగతి తెలియక ఇప్పటికీ "పిల్ల పాలు తాగుతుంది, ఆస్పత్రిలో ఎట్లా వేస్తాం" అంటారు. అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

దస్తావేజులు దొరకవన్నాను గదా, ఒకటుంది. ఓటర్ల జాబితా. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏ ఊరి జాబితా తీసినా పెంటయ్యలు, పెంటమ్మలు, బిచ్చమ్మలు, భిక్షమయ్యలు, భిక్షపతులు కనిపిస్తారు. పట్నం పిల్లలు ఈ పేర్లకు నవ్వుతారు. వరసగా బిడ్డలు పోతుంటే, పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఇంకొకరిచేత ఎత్తించి పెట్టుకున్న పేరు పెంటమ్మ. బిడ్డకోసం కొంగు చాచి భిక్షమెత్తి పెట్టిన పేరు భిక్షమయ్య. అంటే ప్రతి పెంటమ్మ వెనకా, పురిట్లో ఒకరినో ఇద్దరినో ముగ్గురినో పోగొట్టుకొని మళ్ళీ నీళ్ళోసుకున్న ఒక తల్లి ఉంది. ఆ తల్లి నాలుగోసారి మంచమెక్కినప్పుడు ఆమె మనసు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించండి. బిడ్డ పోయిన తల్లికి కుంగుబాటు ముప్పు ఎక్కువని ఇప్పుడు పుస్తకాల్లో ఉంది. మనవాళ్ళు దాన్ని బిడ్డ పేరులోనే రాసిపెట్టారు.

బిడ్డను పోగొట్టుకోవడం చావుతోనే జరగదు. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటంలో నల్లగొండ ఆడవాళ్ళ ధైర్యం గురించి మీకు తెలుసు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి మాట్లాడించి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం వేశారు. అడవిలో కాన్పులు, పసిబిడ్డ ఏడిస్తే దళం జాడ తెలుస్తుందని బిడ్డను ఎవరికో ఇచ్చేయవలసి రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. తుపాకుల చరిత్ర రాసినవాళ్ళకు ఈ సంగతులు చరిత్రగా కనిపించలేదు. నలభై ఏళ్ళ తరవాత ఆడవాళ్ళు వెళ్ళి ఆడవాళ్ళను అడిగితేనే బయటికి వచ్చాయి.

దేవరకొండ తండాల సంగతి అంత పాతది కాదు. 1999 నుంచి 2001 దాకా, లంబాడా ఇళ్ళలో పుట్టిన ఆడశిశువులను డబ్బిచ్చి తీసుకొని దత్తతకు పంపుతున్నారని గొడవ లేచింది. ఎవరికి ఎంత ముట్టింది, దళారులెవరు, ఏ సంస్థ, ఏ దేశం అని రోజూ పత్రికల్లో వచ్చేది. కేసులయ్యాయి. 2001లో ప్రభుత్వం పేదరికం పేరుతో బిడ్డను అట్లా ఒప్పగించే పద్ధతినే నిషేధించింది. నేను ఆ రోజుల్లో వార్తలన్నీ వరసగా చదివాను. అన్ని కాలమ్‌లలో నేను వెతికిన ఒక్క సంగతి, బిడ్డను ఇచ్చేశాక ఆ తల్లికి పాలు ఎట్లా ఇంకాయి, ఆమెకు నిద్ర పట్టిందా అని. నాకంట పడలేదు. గోవాలో చేసిన పరిశోధనలో కుంగుబాటుకు కారణాలుగా తేలినవి ఏమిటంటే, పేదరికం, భర్త కొట్టడం, కొడుకు కావాలనుకున్న ఇంట్లో కూతురు పుట్టడం. మూడూ ఉన్న తండా గుడిసెలో బాలింతకు ఎన్నో మెట్టు వచ్చి ఉంటుందో చెప్పడానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

ఇక నెలనెలా వచ్చే సంగతి. మా అత్తగారింట్లో మా పెద్ద తోటికోడలు ఉండేది. నెలలో ఇరవై రోజులు ఆమె అంత మెతక మనిషి లేదు. ఆ తరవాత వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడును బట్టి మేం తారీఖు చెప్పేవాళ్ళం. మేం నవ్వుకున్నాం గాని ఆమె నవ్వలేదు. ఆ వారం రోజులూ చీకట్లో కూర్చొని, "బతకబుద్ధి అయితలేదు" అనేదట తన చెల్లెలితో. ముట్టయిన రెండో రోజుకు మబ్బు విడిపోయినట్టు మామూలు మనిషి.

న్యూయార్కులో రాబర్ట్ ఫ్రాంక్ అనే డాక్టరు 1931లో దీనికి ప్రీమెన్‌స్ట్రువల్ టెన్షన్ అని పేరుపెట్టాడు. 1953లో ఇంగ్లండులో కాథరీనా డాల్టన్ అనే డాక్టరమ్మ, రేమండ్ గ్రీన్ అనే ఆయనతో కలిసి దీని మీద వ్యాసం రాసింది. ఆమెకు తనకే నెలనెలా తలనొప్పి వచ్చేది, కడుపుతో ఉన్న నెలల్లో రాకపోవడం గమనించి కూపీ లాగింది. ఆడవాళ్ళలో చాలామందికి ముట్టుకు ముందు కాస్తో కూస్తో చిరాకు ఉంటుంది. నూటికి ముగ్గురు మొదలు ఎనిమిదిమంది దాకా మాత్రం నిజంగా మంచాన పడతారు. దానికి 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం పి.ఎం.డి.డి. అని వేరే జబ్బుగా చోటిచ్చింది. హార్మోన్లు అందరికీ ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. కొందరి మెదడు ఆ ఎక్కుదిగుళ్ళకు తట్టుకోలేదు. రెండు నెలలపాటు ఏ రోజు ఎట్లా ఉందో క్యాలెండరు మీద రాసుకుంటే చాలు, డాక్టరుకు సగం పని అయిపోతుంది. మందులున్నాయి.

అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉంది సుమండీ. ఈ పేరు తెలిసిన మగవాళ్ళు ఇల్లాలి కోపానికల్లా తారీఖులు లెక్కబెట్టడం మొదలుపెడతారు. కోపానికి కారణం ఎదురుగా లుంగీ కట్టుకొని కూర్చున్నా సరే!

మనవాళ్ళు మూడు రోజులు బయట కూర్చోబెట్టడం ఆడదానికి విశ్రాంతి కోసమే అని ఈ మధ్య గట్టిగా చెబుతున్నారు. ఇంట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళుంటే అది విశ్రాంతే. వర్షంలో పశువుల కొట్టం పక్కన పడుకున్నవాళ్ళను అడిగితే ఏమంటారో తెలియదు. పాలమూరు లేబరు మాటేమిటి? మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని, ఊరు విడిచి, దేశంలోని డ్యాములన్నిటికీ రాళ్ళూ మట్టీ మోసిన ఆడవాళ్ళకు మూడు రోజులు ఎవరిచ్చారు? వాళ్ళలో కొందరు పనిచోటే కని, చెట్టుకు చీర కట్టి ఉయ్యాల వేసి మళ్ళీ తట్ట ఎత్తారు. వాళ్ళకు గాలి సోకే తీరిక కూడా లేదు.

మధ్యతరగతి వాళ్ళకు టానిక్కులు వచ్చాయి. మద్రాసులో కేసరి కుటీరంవారి లోధ్ర మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ కె.ఎన్. కేసరిగారే 1928లో "గృహలక్ష్మి" పత్రిక పెట్టి మన ఆడవాళ్ళ రాతలకు చోటిచ్చారు. అమెరికాలో 1875 ప్రాంతంలో లిడియా పింకమ్ అనే ఇల్లాలు ఇట్లాంటి కషాయమే అమ్మింది. అందులో నూటికి ఇరవై పాళ్ళ దాకా సారాయి ఉండేదట. తాగినవాళ్ళకు హాయిగా ఉండటంలో వింతేమీ లేదు. అయితే ఆమె ప్రకటనలు చూసి దేశం నలుమూలలనుంచి ఆడవాళ్ళు తమ బాధలు ఉత్తరాలుగా రాసి పంపారు. సీసా సంగతి ఎట్లా ఉన్నా, ఎవరో అడుగుతున్నారన్నది వాళ్ళకు ఊరట.

ఇప్పుడు తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అందులో అరవైకి పైగా ఆపరేషన్లే, దేశంలోనే ఎక్కువ. సన్ని దాదాపు పోయింది, చాలా సంతోషం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జాల్నా దూరం తగ్గింది. 2017లో బాలింతలకు కిట్టు ఇచ్చినప్పుడు మా వీధి పిల్ల తెచ్చుకున్నది చూశాను. సబ్బులు, నూనె, దోమతెర, చీరలు, బిడ్డ బట్టలు, అన్నీ ఉన్నాయి. పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వస్తుంది. ఆ తేదీలు మళ్ళీ ఒకసారి చూడండి. ఏడుపు, కుంగుబాటు, మతి చలించడం, ఈ మూడు మెట్లు మొదలయ్యేవి సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆమె చేతిలోని కాగితంలో బిడ్డ బరువు, జ్వరం, బొడ్డు గురించి గళ్ళున్నాయి. తల్లి రక్తస్రావం గురించీ ఉంది. మనసు మాట వచ్చేసరికి ఆమె దయ.

1987లో ఎడిన్‌బరోలో ముగ్గురు పరిశోధకులు పది ప్రశ్నల చిన్న కాగితం ఒకటి తయారుచేశారు. నవ్వు వస్తోందా, ఊరికే మిమ్మల్ని మీరు తప్పుపట్టుకుంటున్నారా, దిగులుతో నిద్ర పట్టడంలేదా, చచ్చిపోవాలనిపిస్తోందా, ఇట్లాంటివి. ఐదు నిమిషాల పని. ప్రపంచమంతా వాడుతున్నారు. 2022 అక్టోబరునుంచి 14416 నెంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మానసిక సలహా ఇస్తున్నారు, పైసా ఖర్చులేదు. ఈ నెంబరు ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచుకోండి.

మిర్యాలగూడ పోయినప్పుడు మా ఊరి ఆశా కార్యకర్తను ఈ పది ప్రశ్నల గురించి అడిగాను. ఆమె నవ్వింది. "మనసెట్లున్నదక్కా అంటే ఎవ్వరు చెప్తరమ్మా? అత్త పక్కనే కూసుంటది. మంచిగనే ఉన్న అంటరు." మరి నువ్వేం చేస్తావన్నాను. "బిడ్డను తూకమేసేటప్పుడు అత్తను నీళ్ళు తెమ్మంట. ఆమె లేచినంక, పాణమెట్లున్నది అంట. పాణం అంటే ఒళ్ళు కావచ్చు, మనసు కావచ్చు, భయపడరు. మొదలు నడుము నొస్తున్నదంటరు. ఇంక ఊకోవాలె. రెండోపారి పోయినప్పుడు నిద్ర పడతలేదంటరు. మూడోపారికి ఏడుస్తరు."

మరి అత్త నీళ్ళు తెచ్చేలోపు అదంతా అవుతుందా అన్నాను.

"మళ్ళ ఒకపారి చాయ పెట్టుమంట" అంది.